‘చూసుకో’ అంటే చాలదు: వార్డులో పేషెంట్లను పంచడం, పని అప్పజెప్పడం ఎలా

మన వార్డుల్లో పొద్దుటి నుంచి రాత్రి దాకా ఎక్కువగా వినిపించే మాట ‘చూసుకో’. "సిస్టర్, పదకొండో బెడ్ చూసుకో." "ఆయమ్మా, ఆ అవ్వను జర చూసుకో." "సెలైన్ అయిపోతది, చూసుకో." చెప్పినవాళ్లు పని అప్పజెప్పేశామనుకుంటారు, విన్నవాళ్లు తలూపుతారు. ఏం చూడాలి, ఎంతసేపటికోసారి చూడాలి, ఏది కనిపిస్తే పరుగెత్తుకు రావాలి అన్నది మాత్రం ఇద్దరి మధ్యా రాదు.

ఆ ఒక్క మాటతో నేనొకసారి ఒక మనిషి ప్రాణం మీదికి తెచ్చాను. పత్తికి మందు కొట్టే రోజులు. నైట్ డ్యూటీలో ఇద్దరమే ఉన్నాం. పురుగుల మందు కేసు ఒకటి, దానికి విరుగుడైన అట్రోపిన్ ఇన్‌ఫ్యూజన్ (సిరంజి పంపుతో కొద్దికొద్దిగా ఎక్కేది) నడుస్తోంది. వార్డు ఆ చివర కొత్త అడ్మిషన్ వస్తే నేను అటు వెళ్తూ, చేరి నెల కూడా కాని సిస్టర్‌తో "ఆయన్ని చూసుకో" అన్నాను. పాపం, ఆమె రెండుసార్లు వెళ్లి చూసింది. కదలకుండా పడుకున్నాడు, నిద్రపట్టిందనుకుంది. సిరంజి ఎప్పుడో ఖాళీ అయిపోయింది. నేను తిరిగొచ్చేసరికి నోటి పక్కన నురగ, ఛాతీలో గురగుర, సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) ఎనభైల్లో ఉంది. డ్యూటీ డాక్టర్ పరుగున వచ్చారు, మనిషి దక్కాడు. ఆ అమ్మాయి మూడు రోజులు ఏడ్చింది. తప్పు ఆమెది కాదు. నేను ఆమెకు పని చెప్పలేదు, మనిషిని చూపించి వెళ్లిపోయాను.

ఇప్పుడు మన జిల్లాల్లో ఇది ఇంకా ముఖ్యమైంది. 2016లో మహబూబ్‌నగర్‌లో, 2019లో నల్లగొండ, సూర్యాపేటల్లో, 2022లో వనపర్తి, నాగర్‌కర్నూల్‌లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. జిల్లా ఆసుపత్రులు టీచింగ్ ఆసుపత్రులయ్యాయి. 2024 మొదట్లో రాష్ట్రంలో దాదాపు 7,000 మంది స్టాఫ్ నర్సులకు నియామక పత్రాలు అందాయి. వార్డులో సగం మంది కొత్తవాళ్లు, పైగా స్టూడెంట్లు. ఉద్యోగంలో చేరిన ఏడాదికే షిఫ్టులో సీనియర్‌గా నిలబడాల్సి వస్తోంది. పదిమందికి పని పంచడం ఎలాగో మనకు నర్సింగ్ స్కూల్లో ఒక చాప్టర్‌గా చెప్పారు తప్ప, పక్కన నిలబడి నేర్పినవాళ్లు తక్కువ. ఇన్‌ఛార్జి సిస్టర్‌గా నిలబడుతున్న మీకోసం, నేను చేసే పద్ధతి వరసగా చెబుతాను.

ముందు వార్డు ఒక చుట్టు తిరగండి

మార్నింగ్ డ్యూటీ ఎనిమిదికైతే ఏడు నలభైకి వార్డులో ఉండండి. కుర్చీలో కూర్చోకండి, రిపోర్టు బుక్కు తెరవకండి. నైట్ సిస్టర్‌ని వెంటబెట్టుకుని ప్రతి మంచం దగ్గర ఇరవై సెకన్లు ఆగండి. ముఖం రంగు ఎలా ఉంది, ఊపిరి ఎలా తీసుకుంటున్నాడు, డ్రిప్ ఎక్కుతోందా, యూరిన్ బ్యాగులో ఎంత ఉంది, దగ్గర మనిషున్నారా. జేబులో చిన్న కాగితం ఉంటే చాలు.

బుక్కులో ‘స్టేబుల్’ అని ఉంటుంది. ఆ మాట తెల్లవారుజామున నాలుగింటికి రాసింది. మీరు వెళ్లేసరికి ఆ పెద్దాయన మంచం అంచున కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి ముందుకు వంగి ఎగపోస్తుంటాడు. ఆయన ఎవరి వాటాకు వస్తాడన్నది బుక్కు చూసి తేల్చితే ఆ రోజంతా తప్పుతుంది.

నైట్ సిస్టర్‌ని ఒక ప్రశ్న తప్పకుండా అడగండి: "రాత్రి ఎవరి దగ్గరికి ఎక్కువసార్లు వెళ్లాల్సొచ్చింది?" రిపోర్టు మొత్తం కంటే ఈ జవాబే ఎక్కువ చెబుతుంది.

మంచాల లెక్క వద్దు, బరువు లెక్క వేయండి

మామూలుగా ఏం చేస్తాం? ముప్పై మంచాలు, ముగ్గురు సిస్టర్లు. ఒకటి నుంచి పది నీకు, పదకొండు నుంచి ఇరవై ఈమెకు, మిగతావి ఆమెకు. చూడ్డానికి న్యాయంగానే ఉంటుంది. కానీ సీరియస్ పేషెంట్లను మనమే నర్సింగ్ టేబుల్ దగ్గరి మంచాలకు మారుస్తాం. ఆక్సిజన్ పాయింట్లు అక్కడ, మన కళ్లు అక్కడ. దాంతో మొదటి పది మంచాలు తీసుకున్న మనిషికి నీళ్లు తాగే తీరిక ఉండదు, చివరి మంచాలు తీసుకున్నవాళ్లు పదకొండింటికే రిజిస్టర్ రాసుకుంటూ కూర్చుంటారు.

అందుకే ప్రతి పేషెంటుకూ ఒక బరువు వేయండి. ఒకటి, రెండు, మూడు. లేచి తిరుగుతూ, తన అన్నం తను తింటూ, మాత్రలూ పూటకో ఇంజెక్షనూ ఉన్నవాళ్లకు ఒకటి. డ్రిప్, నాలుగు గంటలకోసారి వైటల్స్ (పల్స్, బీపీ, ఊపిరి, టెంపరేచర్), డ్రెస్సింగ్, ఇన్సులిన్, నెబులైజర్, బాత్రూముకు మనిషి సాయం ఉన్నవాళ్లకు రెండు. ఆక్సిజన్ మీదున్నవాళ్లు, గంటకోసారి చూడాల్సినవాళ్లు, ఇన్‌ఫ్యూజన్లు నడుస్తున్నవాళ్లు, స్పృహ లేనివాళ్లు, రక్తం ఎక్కుతున్నవాళ్లు, పాము విషానికి విరుగుడు ఎక్కుతున్నవాళ్లు, అయోమయంలో మంచం దిగిపోయేవాళ్లు, అప్పుడే థియేటర్ నుంచి వచ్చినవాళ్లు, వీళ్లందరికీ మూడు.

పైన అర బరువు కలపాల్సిన సంగతులు కొన్ని ఉన్నాయి. ఎవరూ తోడు లేని మనిషి. పాలమూరు వైపు నుంచి వచ్చే ముసలివాళ్లలో ఇది మామూలే, కొడుకులూ కోడళ్లూ బొంబాయికో పూణేకో పనికి పోయి ఉంటారు. ఆ రోజు స్కానింగుకు వెళ్లాల్సిన మనిషి. అడ్మిట్ అయి ఇరవైనాలుగు గంటలు కాని మనిషి. డిశ్చార్జి కూడా తేలికని అనుకోకండి. సమ్మరీ తేవాలి, ఆరోగ్యశ్రీ కాగితాలు చూడాలి, మందులు ఎప్పుడెప్పుడు వేసుకోవాలో రెండుసార్లు చెప్పాలి. ఒక్కొక్కరికి ముప్పావు గంట అవుతుంది.

మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు నుంచి వచ్చే పెద్దవాళ్లలో నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఫ్లోరోసిస్‌తో వెన్ను, మెడ, మోకాళ్లు బిగుసుకుపోయినవాళ్లు ఉంటారు. ఆ ఊళ్లకు ఇప్పుడు భగీరథ నీళ్లు వస్తున్నా, పాతవాళ్ల ఎముకల్లో చేరింది పోదు. అలాంటి మనిషికి జ్వరమే వచ్చి ఉండొచ్చు, కేస్ షీట్ చూస్తే ఒకటి వేస్తారు. కానీ పక్కకు తిప్పాలంటే ఇద్దరు కావాలి, బెడ్‌పాన్ పెట్టాలంటే ఇద్దరు కావాలి, దిండ్లు ఎక్కడ పెట్టాలో ఆయన్నే అడగాలి. ఆయనకు రెండు వేయండి.

ఒక రోజు లెక్క చూపిస్తాను. ఇరవై ఎనిమిది మంది పేషెంట్లు. మూడు బరువువాళ్లు ఐదుగురు, రెండు బరువువాళ్లు తొమ్మిది మంది, ఒకటివాళ్లు పద్నాలుగు మంది. మొత్తం 47. మంచాల వరసన పంచితే మొదటి సిస్టర్‌కి 23, రెండో సిస్టర్‌కి 15, మూడో సిస్టర్‌కి 9 వచ్చాయి. బరువు చూసి మళ్లీ పంచితే ఇద్దరికి 16, ఒకరికి 15. కొత్తమ్మాయికి పదిమంది పేషెంట్లు వచ్చారు, కానీ వాళ్లలో మూడు బరువు మనిషి ఒక్కరే. సీనియర్లిద్దరికీ తొమ్మిదేసి మంది, కానీ మూడువాళ్లు ఇద్దరేసి ఉన్నారు. ఇది వేయడానికి నాకు పట్టింది ఏడెనిమిది నిమిషాలు.

మీ ఆసుపత్రిలో ఎర్లీ వార్నింగ్ స్కోరు చార్టు, అంటే మనిషి దిగజారుతున్నాడని ముందే చెప్పే చార్టు, ఉంటే ఇంకా మంచిది. ఇంగ్లండులో 2012లో మొదలైన న్యూస్ (నేషనల్ ఎర్లీ వార్నింగ్) స్కోరు అలాంటిదే, దాన్ని 2017లో సవరించారు. ఊపిరి వేగం, సాచురేషన్, బీపీ, పల్స్, స్పృహ, టెంపరేచర్, వీటికి మార్కులు వేస్తారు, ఆక్సిజన్ మీదుంటే ఇంకో రెండు కలుపుతారు. 7, ఆ పైన వస్తే అత్యవసరం. అలాంటివాళ్లకు ఆలోచించకుండా మూడు వేసి, ముందు డాక్టర్‌ని పిలవండి. కానీ ఒక మాట. మన చార్టుల్లో ఊపిరి లెక్క అందరికీ 20 అనే ఉంటుంది. అది ఎవరూ లెక్కపెట్టని అంకె. మనిషి దిగజారేటప్పుడు చాలాసార్లు ముందు మారేది అదే. నిమిషం నిండా ఛాతీ చూసి లెక్కపెట్టే అలవాటు మీ టీముకు మీరే చేయించాలి.

టీచింగ్ ఆసుపత్రి జనరల్ వార్డులో ముగ్గురు పేషెంట్లకు ఒక నర్సు, మామూలు ఆసుపత్రిలో ఐదుగురికి ఒకరు, ఐసీయూలో ఒకరికి ఒకరు, పైన సెలవులకు ముప్పై శాతం అదనంగా ఉండాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చెబుతుంది. మనం పంచుతున్నది ఆ లెక్క ప్రకారం ఉన్న మనుషుల్ని కాదు. మనుషులు తక్కువైన చోటే పంపకం ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

ఎవరికి ఎవరు

నిన్న చూసినవాళ్లకే ఈ రోజూ ఇవ్వండి, వీలైనంతవరకు. "నిన్నటికంటే డల్‌గా ఉన్నాడు" అనగలిగేది నిన్న చూసిన మనిషే. ఒకరి పేషెంట్లు వార్డు రెండు చివర్లా ఉండకుండా చూడండి. టీబీ అనుమానం ఉన్న పేషెంటునూ, రోగనిరోధక శక్తి పడిపోయిన పేషెంటునూ ఒకే సిస్టర్‌కి ఇవ్వకండి. కొత్తవాళ్లకు మూడు బరువు మనిషిని ఇవ్వండి, ఇవ్వకపోతే ఎప్పటికీ నేర్చుకోరు. కానీ ఒక్కరినే ఇవ్వండి, ఆ పక్క మంచాలు సీనియర్‌వై ఉండాలి.

భాష కూడా చూడండి. దేవరకొండ తండాల నుంచి వచ్చిన ముసలమ్మకు తెలుగు వచ్చినా, నొప్పి వచ్చినప్పుడు నోట లంబాడీ మాటే వస్తుంది. మీ టీములో ఆ మాట వచ్చిన సిస్టర్ ఉంటే ఆమెకే ఇవ్వండి. ఉర్దూ సంగతీ అంతే. అమ్రాబాద్ వైపు నుంచి వచ్చే చెంచు పేషెంట్లలో కొందరు అడిగితే తప్ప ఏదీ చెప్పరు. వాళ్లను ఓపికగా పక్కన కూర్చుని అడిగే సిస్టర్ చేతిలో పెట్టండి.

కొత్త అడ్మిషన్లు ఎవరికో పొద్దున్నే చెప్పేయండి. మొదటిది నీది, రెండోది అక్కది, మూడోది ఆమెది. ఇది చెప్పకపోతే స్ట్రెచర్ వచ్చినప్పుడు ఎవరు దగ్గరుంటే వాళ్ల మీద పడుతుంది, రోజూ అదే మనిషి మీద పడుతుంది. మీరు మాత్రం బరువైన పేషెంట్లను తీసుకోకండి. సీరియస్ కేసుల్ని మనమే చూసుకుంటే మంచిదనిపిస్తుంది, నాకూ అనిపించేది. కానీ మీరు ఒక మంచానికి కట్టుబడిపోతే మిగతా ఇరవై ఏడు మందినీ ఎవరు చూస్తారు?

పంచాక బోర్డు మీద రాయండి. ప్రతి మంచానికీ ఒక పేరు. క్రాష్ ట్రాలీ (అత్యవసర మందుల బండి) చెక్ చేసేది ఎవరు, ఒకరు టీకి వెళ్తే వాళ్ల పేషెంట్లు ఎవరివి, అదీ రాయండి. ‘అందరూ’ అని ఎక్కడా రాయకండి. ఎందుకిలా పంచారో ఒక్క ముక్క పైకి చెప్పండి. "అక్కా, నీకు తొమ్మిది మందే, కానీ ఏడో బెడ్‌కు రక్తం ఎక్కించాలి, తొమ్మిదో బెడ్ గంటగంటకూ చూడాలి" అంటే పదిమంది వచ్చిన అమ్మాయి మనసులో పెట్టుకోదు.

ఏది ఇవ్వొచ్చు, ఏది మన చేతిలోనే ఉండాలి

నేను ఒక ప్రశ్న వేసుకుంటాను. ఈ పని మధ్యలో ఏదైనా మారితే, తర్వాత ఏం చెయ్యాలో ఆలోచించి తేల్చాల్సి వస్తుందా? వస్తుందంటే అది నర్సు పని, ఎవరికీ ఇవ్వకూడదు. కొత్త పేషెంటును మొదటిసారి చూడటం, ఐవీ మందులు, ఇన్సులిన్, హెపారిన్, పొటాషియం లాంటివి, డిశ్చార్జి మాటలు, ఇవన్నీ అందులోకే వస్తాయి.

రక్తం సంగతి తీసుకోండి. బ్లడ్ బ్యాంకు నుంచి బ్యాగు తేవడం వార్డు బాయ్‌కి ఇవ్వొచ్చు. "అన్నా, దారిలో ఎక్కడా ఆగొద్దు, నేరుగా నా చేతికే ఇయ్యి" అని చెప్పి ఇవ్వాలి, ఎందుకంటే బ్యాంకు నుంచి బయటికొచ్చిన అరగంటలో మొదలుపెట్టాలి. పేరు, గ్రూపు, బ్యాగు నంబరు సరిచూడటం మాత్రం ఇద్దరు నర్సులు మంచం దగ్గర నిలబడి చేయాలి. మొదటి పదిహేను నిమిషాలు నర్సు అక్కడే ఉండాలి. నాలుగు గంటల్లో బ్యాగు అయిపోవాలి. ఆ తొలి పదిహేను నిమిషాలు స్టూడెంటును ఒంటరిగా కూర్చోబెట్టి వెళ్లడం నేను చూశాను. చలి మొదలైతే క్లాంపు వేసి ఆపాలన్న సంగతి ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు.

స్టూడెంట్లు నేర్చుకోవడానికి వచ్చారు, తక్కువైన మనుషుల చోటు నింపడానికి కాదు. వైటల్స్, గ్లూకోమీటర్, బెడ్ బాత్, డ్రెస్సింగులో సాయం ఇవ్వండి. ఇంజెక్షన్ మాత్రం మీరు పక్కనుంటేనే. ఆయమ్మలకూ, పేషెంట్ కేర్ వాళ్లకూ పక్కకు తిప్పడం, స్నానం, తినిపించడం, యూరిన్ బ్యాగు కొలిచి ఖాళీ చేయడం, స్ట్రెచర్ మీద తీసుకెళ్లడం. మూడు బరువు మనిషి ఎక్స్‌రేకి వెళ్తున్నా వెంట నర్సు ఉండాల్సిందే.

అమెరికా నర్సింగ్ బోర్డులు పని అప్పజెప్పడానికి ఐదు ‘సరైన’లు చెప్పాయి: సరైన పని, సరైన పరిస్థితి, సరైన మనిషి, సరైన మాట, సరైన పర్యవేక్షణ. మన దగ్గర ఎక్కువగా తప్పిపోయేది రెండోది. తినిపించడం ఆయమ్మ పనే. కానీ నిన్న పక్షవాతంతో వచ్చి, మింగగలడో లేదో ఇంకా పరీక్షించని మనిషికి తినిపించడం ఆయమ్మ పని కాదు. పని అదే, పరిస్థితి వేరు. ఆ రెండో మనిషి మంచానికి ‘నోటి ద్వారా ఏమీ ఇవ్వొద్దు’ అని పెద్ద అక్షరాలతో కట్టండి. ఆయమ్మకు చదువు రాకపోతే నోటితో చెప్పండి, అటెండెంటుకు విడిగా చెప్పండి.

చెప్పేటప్పుడు నాలుగు సంగతులు

ఎవరికి ఏం చేయాలి. ఎప్పటిలోగా, ఎన్నిసార్లు. ఏది కనిపిస్తే వెంటనే పిలవాలి. మామూలుగానే ఉన్నా నా దగ్గరికి ఎప్పుడొచ్చి చెప్పాలి. ఈ నాలుగూ లేకపోతే మీరు పని చెప్పనట్టే.

ఆ రాత్రి నేను ఆ కొత్త సిస్టర్‌తో అనాల్సిన మాట ఇది: "నాలుగో బెడ్ పురుగుల మందు కేసు. అట్రోపిన్ పంపు నడుస్తోంది, ఇంకో ఇరవై నిమిషాల్లో సిరంజి అయిపోతుంది, రెండోది నింపి ట్రేలో పెట్టాను, మార్చు. పావుగంటకోసారి పల్స్, సాచురేషన్, కంటిపాప చూడు, స్టెతస్కోప్ పెట్టి ఛాతీ విను, పిలిచి మాట్లాడించు. నోట్లో ఊట పెరిగినా, ఛాతీలో గురగుర వినబడినా, పల్స్ 80 కంటే తగ్గినా, పిలిస్తే పలక్కపోయినా అక్కడి నుంచే కేక వెయ్యి, నా దగ్గరికి నడిచి రాకు. ఏమీ లేకపోయినా అరగంటకు నాకొచ్చి అంకెలు చెప్పు." చెప్పడానికి నిమిషం కూడా పట్టదు. ఆ నిమిషం లేదనుకునే నేను వెళ్లిపోయాను.

పాము కాటు కేసులో గాజు ట్యూబు పరీక్ష స్టూడెంటుకు అప్పజెబుతున్నారనుకోండి. రక్తం గడ్డకడుతోందా లేదా చూసే ఆ ఇరవై నిమిషాల పరీక్ష తేలికగా కనిపిస్తుంది, చెడిపోవడమూ అంతే తేలిక. "కొత్త గాజు ట్యూబే తీసుకో, సబ్బుతో కడిగింది వద్దు, ప్లాస్టిక్‌ది వద్దు. రెండు ఎంఎల్ రక్తం పోసి మంచం పక్కన స్టాండులో పెట్టు. టైము చేతి మీద రాసుకో. ఇరవై నిమిషాల దాకా ముట్టుకోకు, ఎత్తి చూడకు, ఊపకు. ఇరవై అయ్యాక నన్ను పిలువు, ఇద్దరం కలిసి ఒక్కసారి వంచి చూద్దాం." మధ్యలో ఆసక్తి ఆగక ట్యూబు ఎత్తి చూస్తే ఫలితం తారుమారు కావొచ్చు. విరుగుడు మందు ఎక్కించాలా వద్దా అన్నది దాని మీదే ఆధారపడుతుంది. ఇలా ఎందుకో కారణం కూడా చెప్పండి, కారణం తెలిసిన పిల్ల ముట్టుకోదు.

ఆయమ్మతో అయితే మాట మారాలి, నాలుగు సంగతులు మాత్రం అవే. "పెద్దమ్మా, పదహారుల తాతను పదింటికొకసారి, పన్నెండింటికొకసారి పక్కకు తిప్పాలె. ఒక్కదానివే తిప్పకు, అన్నను పిలుసుకో. మెడ, నడుము ఒక్కసారే తిరగాలె, కాళ్లు గుంజొద్దు, ఆయనవి వంగవు. నడుము కింద తోలు ఎర్రగయినా, పొక్కినా నాకు చూపియ్యి."

చెప్పాక, మళ్లీ చెప్పించుకోండి. పరీక్ష పెట్టినట్టు అడిగితే బిడియపడతారు. "నేను సరిగ్గా చెప్పిన్నో లేదో, నువ్వొకసారి చెప్పు బిడ్డా" అంటే చెబుతారు. సగం పొరపాట్లు అక్కడే దొరుకుతాయి. "ఇంతకుముందు చేసినవా?" అని కూడా అడగండి. రాదని చెబితే కోప్పడరన్న నమ్మకం మీ ముఖంలో కనిపించాలి. రాకపోయినా వచ్చు అనే పిల్లలు ప్రతి బ్యాచ్‌లో ఉంటారు, వాళ్లను అలా తయారుచేసింది మన కసుర్లే.

తిరిగి అడగండి

పదింటికి ఒక చుట్టు, పన్నెండింటికి ఒక చుట్టు. "అయిందా?" అని అడిగితే "అయిందక్కా" అనే వస్తుంది. "ఎంత వచ్చింది?" అని అడగండి. అరవై కిలోల మనిషికి మూత్రం గంటకు ముప్పై ఎంఎల్ అయినా రావాలి. నాలుగు గంటలకు నూట ఇరవై రాలేదంటే ఆ సంగతి డాక్టర్‌కి తెలియాలి. బ్యాగు ఖాళీ చేసి కొలత మరిచిపోతే ఆ నాలుగు గంటలూ పోయినట్టే. బాగా చేసినవాళ్లకు అందరి ముందూ బాగా చేశావని చెప్పండి. పొరపాటును మాత్రం పక్కకు పిలిచి చెప్పండి.

అటెండెంట్లూ మన టీమే

మన ఆసుపత్రుల్లో సగం సేవ ఇంటివాళ్లే చేస్తారు. ఇది ఏ నర్సింగ్ పుస్తకంలోనూ సరిగ్గా ఉండదు, కాబట్టి మనం దీన్ని లెక్కలోకే తీసుకోం. వాళ్లేమో ఎవరూ చెప్పక తోచింది చేస్తారు. డ్రిప్ నెమ్మదిగా పోతోందని రోలర్ తిప్పుతారు, ముక్కులోని గొట్టంలో పడుకోబెట్టే పాలు పోస్తారు.

ఒకసారి బీడీలు తాగి ఊపిరితిత్తులు పాడైన పెద్దాయనకు ఆక్సిజన్ రెండు లీటర్ల మీద పెట్టాం. అలాంటివాళ్లకు సాచురేషన్ 88 నుంచి 92 మధ్య ఉంటే చాలు, ఎక్కువ ఆక్సిజన్ ఇస్తే మత్తులోకి జారిపోవచ్చు. మధ్యాహ్నం చూస్తే ఫ్లోమీటర్ ఎనిమిది మీద ఉంది, ఆయన లేపితే లేవడం లేదు. కొడుకు తిప్పాడు. "నాయనకు గాలి సాలుతలేదు సిస్టర్, అందుకే పెంచిన" అన్నాడు. తండ్రి మీద ప్రేమతోనే చేశాడు. అతనితో ఎవరూ ముందు మాట్లాడలేదు, ఆ తప్పు మాది.

ఇప్పుడు అడ్మిషన్ అయిన గంటలోపు అటెండెంటుతో మాట్లాడటం ఆ పేషెంటు సిస్టర్ పని అని మా బోర్డు మీదే రాసి ఉంటుంది. మాట ఇలా ఉంటుంది: "తమ్ముడూ, మీ నాయనకు నీళ్లు తాపియ్యి, మూతి తుడువు, పక్కన కూసోని మాట్లాడు, పక్కకు తిప్పేటప్పుడు చెయ్యి పట్టు. డ్రిప్ మీది ఈ చక్రం, ఆక్సిజన్ మీటర్ల ఈ గోలీ, ఈ గొట్టం మాత్రం ముట్టుకోకు. ఎగపోత పెరిగినా, మాట తడబడినా, ఎంత పిలిచినా లేవకున్నా నన్ను పిలువు. నేను తిట్ట." ఆ చివరి మాట తప్పకుండా అనండి. సిస్టర్ తిడుతుందన్న భయంతో గంటసేపు ఆగి పిలిచినవాళ్లు ఎందరో.

సాయంత్రం అటెండెంటు మారతాడు, పొద్దున కొడుకు ఉంటే రాత్రికి అల్లుడు వస్తాడు. చెప్పిందంతా కొడుకుతో వెళ్లిపోతుంది. ఈవినింగ్ సిస్టర్ మళ్లీ మొదటి నుంచి చెప్పాలి.

ఇద్దరే ఉన్న రోజు

ఒకరు సెలవు, ఒకరు డెప్యుటేషన్. అలాంటి రోజు అన్నీ చేయబోతే అన్నీ సగం అవుతాయి. ఏది ఆగొచ్చో మీరే తేల్చి పైకి చెప్పండి. మూడు బరువువాళ్ల వైటల్స్, ఇన్ఫెక్షన్ ముదిరినవాళ్ల యాంటీబయాటిక్, ఫిట్స్ మందు, భోజనంతో ముడిపడ్డ ఇన్సులిన్, బెడ్ సోర్ వచ్చేవాళ్లను తిప్పడం, ఇవి ఆగవు. లేచి తిరిగేవాళ్ల దుప్పట్లు, రిజిస్టర్లు రెండోసారి ఎక్కించడం ఆగొచ్చు. చూడని వైటల్స్ మాత్రం రాయనివ్వకండి. ‘చూడలేదు, ఇద్దరమే ఉన్నాం’ అని ఖాళీగా వదిలితే అది నిజం. 120/80 అని రాస్తే రాత్రి డాక్టర్ దాన్ని నమ్ముకుంటారు.

ఎనిమిదిన్నరకల్లా నర్సింగ్ సూపరింటెండెంట్‌కి ఫోన్ చేయండి, డ్యూటీ డాక్టర్‌కి చెప్పండి, రిపోర్టు బుక్కులో రాయండి: ఇంతమంది పేషెంట్లు, ఇంతమంది మూడు బరువు, ఇంతమంది స్టాఫ్, ఇవి చేయలేకపోయాం. నేను చాలా ఏళ్లు ఇది రాయలేదు, ఫిర్యాదులా ఉంటుందేమోనని. రాయడం మొదలుపెట్టాక అడిగిన ప్రతిసారీ మనిషిని ఇచ్చారని కాదు, కానీ కొన్నిసార్లు పక్క వార్డు నుంచి రెండు గంటలకైనా ఒకరు వచ్చారు.

ఎవరైనా ‘నేను చేయను’ అంటే ముందు ఎందుకో అడగండి. రాక అంటున్నారా, భయమా, ఇష్టం లేకనా, మూడింటికీ మూడు దారులున్నాయి. వయసులో పెద్దదైన ఆయమ్మ కొత్త సిస్టర్ మాట వినకపోతే, ఆ మాట మీ నోటి నుంచి వెళ్లాలి.

రెండింటికి అప్పగించేటప్పుడు

హ్యాండోవర్ టేబుల్ దగ్గర వద్దు, మంచం దగ్గర. ఇప్పుడు ఏమిటి, వెనక ఏం జరిగింది, నాకేమనిపిస్తోంది, నువ్వేం చేయాలి. ఈ వరసలో ఒక్కో పేషెంటుకు నిమిషం. మామూలుగా ఉన్నవాళ్లను త్వరగా దాటి, మూడు బరువువాళ్ల దగ్గర ఆగండి.

ఇక్కడ ఎక్కువగా జారిపోయేవి మధ్యలో ఉన్న పనులు. స్టూడెంట్ల కాలేజీ బస్సు మనకంటే ముందే కదులుతుంది. పొద్దున మీరు వాళ్లకిచ్చిన పనులు వాళ్లతోనే వెళ్లిపోతాయి. పన్నెండున్నరకు బోర్డు దగ్గర నిలబడి, స్టూడెంట్ల పేరు పక్కనున్న ప్రతి పనికీ ఇంకో పేరు రాయండి. తొమ్మిదింటికి పాము విరుగుడు ఎక్కించిన ఆరో బెడ్‌కు మూడింటికి మళ్లీ ట్యూబు పరీక్ష ఉంది. చేసేది ఈవినింగ్ సిస్టర్, గాజు ట్యూబు ట్రేలో పెట్టి ఉంది, విషం నరాలకు పాకిందేమో తెలిసేలా రెప్పలు వాలుతున్నాయా అని గంటకోసారి చూడాలి, ఒక్క ఊపిరిలో ఎంతవరకు లెక్కపెడుతున్నాడో రాయాలి, పొద్దున ఇరవై రెండు దాకా లెక్కపెట్టాడు. ఆమెతో ఈ మాటలు మళ్లీ చెప్పించుకుని, అప్పుడు హ్యాండ్ బ్యాగ్ తీసుకోండి.